ఆవిరి వేరు, తుంపర వేరు

(ప్రపంచ పొగాకు వ్యతిరేక దినమైన మే 31న అమలాపురంలో జరిగిన ఒక సభలో, తల్లిదండ్రులను, విద్యార్థులను ఉద్దేశించి ఈ-సిగరెట్ల గురించి ఛాతీ వైద్య నిపుణుడొకరు చేసిన ప్రసంగ పాఠం.)

పెద్దలందరికీ, తల్లులకూ, సెలవులకు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఇళ్ళకు వచ్చిన పిల్లలకూ నమస్కారం. కాలువలు కట్టేసిన ఈ రోజుల్లో, సాయంత్రం అయిదైనా ఉక్క తగ్గని ఈ హాలులో ఇంతమంది ఓపికగా కూర్చున్నారంటే, నేను మాట్లాడబోయే వస్తువు మీలో చాలామంది ఇళ్ళకు ఇప్పటికే చేరిందని నాకు అర్థమవుతోంది. అందువల్ల ఉపోద్ఘాతం పెట్టుకోకుండా, ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను.

రెండేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారంలో, ఆమె తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అతనికి పందొమ్మిదేళ్ళు. నగరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఊళ్ళో ఉన్నంతకాలం కబడ్డీ ఆడినవాడు, పండక్కి వచ్చి రెండు కూతలకే రొప్పుతున్నాడని, రాత్రిళ్ళు గుండె దడదడలాడుతోందని లేచి కూర్చుంటున్నాడని ఆమె చెప్పారు. నాడి చూస్తే నిమిషానికి 112 ఉంది. ఎక్స్‌రే బాగుంది, ఈసీజీలో వేగం తప్ప వేరే తేడా ఏమీ లేదు. నేను ఇంకేం పరీక్షలు రాయాలా అని ఆలోచిస్తుండగా ఆమె సంచిలోంచి ఒక చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, బల్ల మీద పెట్టారు. అందులో చూపుడువేలంత పొడవున, పసుపుపచ్చ రంగులో, నున్నగా ఒక వస్తువు ఉంది. ఒక చివర నోట్లో పెట్టుకునేందుకు చదునుగా నొక్కినట్టు ఉంది, మరో చివర ఫోనుకు ఉన్నట్టే ఛార్జింగు పెట్టుకునే రంధ్రం ఉంది. పక్కన చిన్న గాజు కిటికీలోంచి చూస్తే లోపలి దూది మాడి కాఫీ రంగుకు తిరిగింది. రుమాలు నిండా మామిడిపండు వాసన.

"దిండు కింద దొరికిందండి. పెన్‌డ్రైవ్ అనుకున్నాను. గట్టిగా అడిగితే, సిగరెట్టు కాదమ్మా, ఉత్త ఆవిరే అంటున్నాడు. ఆవిరే అయితే భయం లేదు కదండీ డాక్టరుగారూ?" అని ఆమె అడిగారు.

ఆ ప్రశ్నలో అమాయకత్వం లేదు. మన ఇళ్ళలో ఆ మాటకు ఉన్న గౌరవం ఉంది. జలుబు చేసినా, రొమ్ము పట్టేసినా, గిన్నెలో నీళ్ళు మరిగించి, అందులో పసుపు, తులసి ఆకులు, వాము వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. కరోనా రోజుల్లో పొద్దునా సాయంత్రం ఆవిరి పట్టని ఇల్లు ఈ జిల్లాలో లేదంటే అతిశయోక్తి కాదు. అంత నమ్మకం ఉన్న మాటను ఈ వస్తువుకు తగిలించి అమ్ముతున్నారు. కాబట్టి ముందుగా ఆ మాట సంగతి తేల్చుకుంటే గానీ గుండె సంగతీ ఊపిరితిత్తుల సంగతీ మాట్లాడుకోలేము.

గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి మరగనిచ్చి, మూత లోపలివైపు పట్టిన చుక్కను నాలుక మీద వేసుకోండి, చప్పగా ఉంటుంది. నీరు ఆవిరై పైకి వెళ్ళింది, ఉప్పు గిన్నె అడుగునే ఉండిపోయింది. అదే ఉప్పునీటిని పొలంలో మందు కొట్టే స్ప్రేయరులో పోసి కొడితే, గాలిలో తేలే ప్రతి తుంపరలోనూ ఉప్పు ఉంటుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడితే పెదవులు ఉప్పగా అవుతాయి. అక్కడ మీ మొహానికి తగిలింది ఆవిరి కాదు, అలలు విరిగినప్పుడు లేచిన తుంపర. ఆవిరి తనొక్కతే వస్తుంది. తుంపర మాత్రం తనలో కలిసిన సమస్తాన్నీ మోసుకుని వస్తుంది. ఈ-సిగరెట్టు నుంచి, అంటే మన పిల్లలు వేప్ అంటున్న పరికరం నుంచి, నోట్లోకి వచ్చేది తుంపర. పురుగుమందు కొట్టేటప్పుడు గాలివాటు చూసుకుని, మూతికి గుడ్డ కట్టుకునే రైతుకు ఈ తేడా నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

దాని లోపల జరిగేది ఇది. ఒక లిథియం బ్యాటరీ, దానికి తగిలించిన సన్నని లోహపు తీగచుట్ట, ఆ చుట్టలో ద్రవాన్ని పీల్చుకునే దూది, అంతే. తీగలో సాధారణంగా నికెల్, క్రోమియం ఉంటాయి. దమ్ము లాగగానే తీగ వేడెక్కుతుంది. ఆ వేడి 200 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది, దూది ఎండిపోతే ఇంకా పైకి పోతుంది. ద్రవం మరిగి, వెంటనే చల్లబడి, కంటికి తెల్లని పొగలా కనిపించే తుంపరగా మారుతుంది. ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటిలో నికోటిన్, రుచీ వాసనా ఇచ్చే రసాయనాలు కలుపుతారు. గ్లిజరిన్ మనకు తెలియనిదేమీ కాదు, సబ్బుల్లోనూ దగ్గు మందుల్లోనూ ఉంటుంది. అయితే అది అతిగా వేడెక్కినప్పుడు విరిగి అక్రోలీన్ అనే రసాయనం పుడుతుంది. గారెలు వేసేటప్పుడు మూకుడులో నూనె మాడితే కళ్ళు మండి, గొంతు పట్టేసి, దగ్గు వస్తుంది కదా, ఆ ఘాటులో ఉన్నదీ అక్రోలీనే. దానితోపాటు ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ కూడా పుడతాయి. తీగ అరిగి లోహాలు కలవడం మరొకటి. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 56 మంది రోజూ వాడుతున్న పరికరాలను తీసుకుని పరీక్షించారు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో అతి తక్కువగా ఉన్న లోహాలు, తీగను తాకి తుంపరగా బయటికి వచ్చేసరికి బాగా పెరిగాయి. వాటిలో నికెల్, క్రోమియం, సీసం ఉన్నాయి.

ఈ పరికరాన్ని ఇప్పటి రూపంలో 2003లో తయారుచేసింది హాన్ లిక్ అనే చైనా ఔషధ శాస్త్రజ్ఞుడు. ఆయన తండ్రి విపరీతంగా సిగరెట్లు తాగి ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయారు. ఆయన ఉద్దేశం మంచిదేనని నేను నమ్ముతాను. సిగరెట్టు నుంచి జనాన్ని తప్పించాలని తయారైన వస్తువు, సిగరెట్టు ముట్టని పిల్లల చేతుల్లోకి ఎలా వచ్చిందన్నదే నన్ను బాధించే విషయం, దానికి సమాధానం నికోటిన్ రసాయనంలో ఉంది.

మా తాతగారు లంక పొగాకు చుట్ట తాగేవారు. అరుగు మీద ఆయన కూర్చుంటే మేం పిల్లలం ఆ ఛాయలకు పోయేవాళ్ళం కాదు, అంత ఘాటు. ఆయన కూడా ఆ పొగను నోట్లోనే తిప్పి వదిలేవారు తప్ప లోపలికి లాగేవారు కాదు. కారణం ఏమిటంటే చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. క్షారంలో నికోటిన్ విడివడి నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది, గొంతులోకి పోతే మాత్రం మంట పెడుతుంది. పొగాకులో సున్నం నలిపి పెదవి కింద పెట్టుకోవడం వెనక ఉన్న రహస్యం కూడా ఇదే. చుట్ట మేలు చేసిందని నేను అనడం లేదు. చివరి మూడేళ్ళూ మా తాతగారు మంచం మీద వెల్లకిలా పడుకోలేక, కూర్చుని మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని నిద్రపోవడం చూసే నేను ఈ వైద్యంలోకి వచ్చాను. కానీ ఆ ఘాటు ఒక కంచెలా ఉండేది, పిల్లలను దూరంగా ఉంచేది. 2015 ప్రాంతంలో ఈ-సిగరెట్టు తయారీదారులు నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం లాంటివి కలిపి నికోటిన్ లవణాలను వాడుకలోకి తెచ్చారు. ఆమ్లం కలవగానే క్షారగుణం తగ్గింది, మంట పోయింది, గొంతు తిరగబడటం మానేసింది. దానికి మామిడి, పుదీనా, పుచ్చకాయ వాసనలు తోడయ్యాయి. అలా కంచె తీసేశారు. అమెరికాలో ఆ రోజుల్లో బాగా అమ్ముడైన ఒక రకంలో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ఐరోపా సమాఖ్య చట్టం అనుమతించేది 20 మాత్రమే. అంత బలమైన ద్రవాన్ని పిల్లవాడు దగ్గకుండా ఊపిరితిత్తుల అడుగుకు లాగగలుగుతున్నాడు. లాగిన పది ఇరవై సెకండ్లలో అది మెదడుకు చేరుతుంది. సిగరెట్టు అయిపోతే పారేయాలి, మళ్ళీ వెలిగించాలి. దీనికి మొదలూ లేదు, ముగింపూ లేదు. ఆ కుర్రవాడు అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా దిండు కింద చెయ్యి పెట్టి రెండు దమ్ములు లాగి పడుకునేవాడినని తర్వాత ఒప్పుకున్నాడు. గుండె దడకు మూలం అక్కడ ఉంది.

ఇప్పుడు ఊపిరితిత్తుల సంగతి. శ్వాసనాళాల లోపలి గోడల మీద నూగులాంటి సన్నని రోమాలు ఉంటాయి. గాలికి వరిచేను ఒకే వైపు అలలు అలలుగా ఊగినట్టు, అవి అహర్నిశలూ పైకి ఊగుతూ, మనం పీల్చిన దుమ్మునూ తవుడునూ సూక్ష్మజీవులనూ జిగురులో పట్టి గొంతు దాకా నెట్టుకొస్తాయి. ఊక దుమ్ములో జీవితమంతా పనిచేసిన రైసుమిల్లు కూలీని కొంతకాలమైనా కాపాడేది ఈ రోమాలే. అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్, నికోటిన్ ఈ ఊపును మందగింపజేస్తాయి, జిగురును చిక్కబరుస్తాయి. అందుకే వేప్ వాడేవాళ్ళకు పొద్దున లేవగానే దగ్గు, కఫం, జలుబు చేస్తే వారాల తరబడి వదలకపోవడం కనిపిస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు పిల్లికూతలు ఎక్కువవుతాయి. మన కోనసీమ తేమకు, వరికోతల తర్వాత గడ్డి కాల్చే పొగకు ముందే ఉబ్బసంతో ఉన్న పిల్లలు మన దగ్గర తక్కువేమీ లేరు. వాళ్ళ సంగతి నాకు ప్రత్యేకంగా భయం.

ఆ నాళాలు దాటి లోపలికి వెళ్తే ముప్పై కోట్ల పైచిలుకు గాలి తిత్తులు, వాయుకోశాలు ఉంటాయి. అన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, ఒక చిన్న పెంకుటింటి విస్తీర్ణం. దుమ్ము రేణువు పెద్దదైతే ముక్కులోనో గొంతులోనో చిక్కుకుపోతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు, వేప్ తుంపరలో చాలా బిందువులు ఆ మైక్రానులో భాగమంత సన్నవి. అవి ఎక్కడా ఆగకుండా వాయుకోశాల దాకా పోతాయి. అక్కడ రెండు విషయాలు జరుగుతాయి. వాయుకోశాలు గాలి పోయిన బుడగల్లా అతుక్కుపోకుండా వాటి లోపల పూత పూసినట్టు కొవ్వుతో కూడిన ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర నాణ్యత దెబ్బతింటుంది. అక్కడ కాపలా కాసే కణాలు పనిచేయాల్సిన తీరులో పనిచేయక, కొవ్వు బిందువులతో ఉబ్బిపోతాయి. ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో నికోటిన్ లేని ద్రవంతో కూడా ఈ మార్పులు కనిపించాయి.

"అందులో కలిపేవన్నీ తినే పదార్థాల్లో వాడేవే కదండీ" అని చదువుకున్న తండ్రులే నన్ను అడుగుతుంటారు. కొబ్బరినూనె మనకు అన్నంలోకి మంచిది, తలకు మంచిది. అదే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే? పసిపిల్లలకు స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు వేసే పాత అలవాటు వల్ల, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చిన కేసులు మన దక్షిణాది పిల్లల వైద్యులకు బాగా తెలుసు. పొట్టకు దాన్ని అరిగించే రసాలు ఉన్నాయి, ఊపిరితిత్తికి లేవు. తినడానికి అనుమతి ఉన్నంత మాత్రాన పీల్చడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

ఇందుకు రెండు ఉదాహరణలు చాలు. మొదటిది డైఅసిటైల్. ఇది వెన్న వాసన ఇచ్చే రసాయనం, తింటే ఏమీ కాదు. 2000వ సంవత్సరంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే కర్మాగారంలో పనిచేసిన ఎనిమిది మందికి సన్నని శ్వాసనాళికలు మచ్చకట్టి మూసుకుపోయిన జబ్బు బయటపడింది. వేడి వెన్న వాసనను రోజంతా పీల్చడమే కారణమని తేలింది. అదే రసాయనం కొన్ని వేప్ ద్రవాల్లో కూడా దొరికింది. సిగరెట్టు పొగలోనూ ఉంటుందన్న మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. రెండోది విటమిన్ ఇ ఎసిటేట్. గొట్టం మాత్రల్లో మింగుతాం, చర్మానికి రాసుకుంటాం. 2019 వేసవిలో అమెరికా ఆసుపత్రులకు ఆరోగ్యంగా ఉండాల్సిన యువకులు ఊపిరాడక రావడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి అలా చేరినవారు, మరణించినవారు కలిసి 2,807 మంది. మృతులు 68 మంది. ఆ జబ్బు చేసినవాళ్ళలో 51 మంది ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ ఎసిటేట్ కనిపించింది. ఎక్కువమంది గంజాయి సారం కలిపిన ద్రవాన్ని దొంగచాటు వ్యాపారుల దగ్గర కొన్నవారు. ఆ సారాన్ని చిక్కగా చూపించడానికి ఈ విటమిన్ నూనె కలిపారు. మామూలు నికోటిన్ వేప్‌కూ ఆ మరణాలకూ ముడిపెట్టడం సరికాదు. అయితే మన దేశంలో ఇప్పుడు దొరికే ప్రతి వేప్ దొంగచాటుదే అన్న సంగతి గుర్తుపెట్టుకుంటే, అందులో ఎవరు ఏం కలిపారో తెలిసే మార్గం మనకు లేదు.

ఎక్స్‌రే మంచిగా ఉందని ఊరట పడకండి. రెండు మిల్లీమీటర్ల లోపు నాళికల్లో మొదలయ్యే వాపు ఎక్స్‌రేలో కనిపించదు. ఆ కుర్రవాడికి ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ చేయిస్తే, చివరి భాగంలో గాలి బయటికి వచ్చే వేగం తగ్గినట్టు కనిపించింది. రెండు కూతలకే ఎందుకు రొప్పుతున్నాడో అప్పుడు తెలిసింది.

గుండె గురించి చెప్పడానికి మన కాలువలే నాకు సాయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకు కాలువల మీద నడుస్తోంది. నాట్ల రోజుల్లో నీరు ఎక్కువ కావాలి, అప్పుడు లాకులు ఎత్తుతారు, తూములు తెరుస్తారు, చివరి పంట బోదె దాకా నీరు పారుతుంది. మన రక్తనాళాలు కూడా అవసరాన్నిబట్టి వెడల్పు కావాలి. పరుగెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు గుండెకు, కాళ్ళకు రక్తం ఎక్కువ పారాలి. లాకు ఎత్తే పని చేసేది రక్తనాళం లోపలి గోడకు అతికి ఉన్న ఒకే ఒక్క కణం మందం పొర. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తే నాళం వదులై వెడల్పవుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వేప్ తుంపరలోని అతిసూక్ష్మ బిందువులు, అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్లు ఈ పొరను రాపిడి పెట్టి, నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తాయి. మరోవైపు నికోటిన్ అడ్రినలిన్‌ను రేపుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. అంటే పొలం ఎక్కువ నీరు అడుగుతున్న క్షణంలోనే లాకు సగం దించేసినట్టు. గుండె ఎక్కువ పని చేయాలి, దానికి అందే రక్తం మాత్రం తగ్గాలి. ముందే గుండె నాళాల్లో పూడిక ఉన్న నడివయసు మనిషికి ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనవసరం లేదు.

నికోటిన్ సగం కరగడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. గంటకు పదిసార్లు దమ్ము లాగేవాడి రక్తంలో అది ఎప్పటికీ కిందికి దిగదు. నిమిషానికి పది దెబ్బలు ఎక్కువైతే, రోజుకు 14,400 దెబ్బలు. పందొమ్మిదేళ్ళ గుండె దాన్ని భరిస్తుంది. ఎన్నేళ్ళు భరిస్తుందన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ నేను మీకు నిజాయితీగా ఉండాలి. వేప్ వల్ల గుండెపోట్లు ఇన్ని రెట్లు పెరుగుతాయని తేల్చి చెప్పే దీర్ఘకాల రుజువు ఇంకా స్థిరపడలేదు. 2019లో ఒక అమెరికా హృద్రోగ పత్రికలో అలా చెప్పిన వ్యాసం వచ్చింది. కొందరికి వేప్ మొదలుపెట్టకముందే గుండెపోటు వచ్చిందేమో రచయితలు సరిగా విడదీసి చూపలేకపోయినందున 2020లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. మీ పిల్లలు ఇంటర్నెట్టులో ఇది చదివి మిమ్మల్ని నిలదీస్తారు, అందుకే నేనే ముందు చెబుతున్నాను. అయితే యంత్రాల మీద సిగరెట్లు చుట్టడం 1880లలో మొదలైతే, ఊపిరితిత్తుల క్యాన్సరుకు సిగరెట్టే కారణమని బ్రిటన్‌లో, అమెరికాలో గట్టి రుజువులు వెలువడింది 1950లో. నడుమ డెబ్భై ఏళ్ళు. ఆ డెబ్భై ఏళ్ళలో పోయినవాళ్ళంతా రుజువు కోసం ఎదురుచూసినవాళ్ళే. రేపు ఎవరో లెక్కగట్టబోయే రుజువులో మన పిల్లలు అంకెలుగా ఉండటం నాకు సమ్మతం కాదు.

బ్రిటన్‌లో సిగరెట్టు మాన్పించడానికి వైద్యులే వీటిని సూచిస్తారు కదా అన్నది మరో ప్రశ్న. నిజమే. ఏమీ కాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు, తారు ఉండదు. రోజుకు పెట్టె సిగరెట్లు తాగేవాడు పూర్తిగా దీనికి మారితే కొన్ని విషాలు తగ్గుతాయి. 2019లో అక్కడ జరిగిన ఒక పెద్ద పరిశోధనలో ఏడాది తర్వాత సిగరెట్టు మానినవారు వేప్ వాడిన వర్గంలో నూటికి 18 మంది, నికోటిన్ గమ్, చర్మానికి అంటించే నికోటిన్ పట్టీలు లాంటివి వాడిన వర్గంలో నూటికి సుమారు 10 మంది. ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. అలా మానినవాళ్ళలో గమ్, పట్టీల వర్గంలో ఏడాది తర్వాత కూడా వాటిని వాడుతున్నవారు నూటికి 9 మంది. వేప్ వర్గంలో నూటికి 80 మంది. సిగరెట్టు నుంచి విడిపించింది, తానే పట్టుకుంది. పైగా ఈ లెక్క అప్పటికే సిగరెట్టుకు బానిసైన పెద్దవాళ్ళకు సంబంధించింది. జీవితంలో సిగరెట్టు ముట్టని పిల్లవాడు దీనితో మొదలుపెడితే అతనికి తగ్గేది ఏమీ లేదు.

మన దేశం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ నిషేధించింది. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళు, అయిదు లక్షలు. చట్టానికి ముందు, 2016–17 జాతీయ సర్వేలో, మన దేశంలో నూటికి ముగ్గురు పెద్దవాళ్ళకే దీని పేరు తెలుసు. ఇప్పుడు ఈ హాలులో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగనక్కరలేదు. చట్టం అమ్మేవాడిని ఆపాలి, అది పోలీసుల పని. ఇంట్లో పిల్లవాడిని ఆపడం మన పని, అది వేరే పద్ధతి.

ఆ పద్ధతి గురించి చెబుతాను. తిట్టి, పరికరం విరగ్గొట్టి పారేస్తే పిల్లవాడు రెండోది కొంటాడు, ఈసారి దిండు కింద పెట్టడు. నికోటిన్ ఒక్కసారిగా ఆగితే మొదటి మూడు రోజులు నరకంలా ఉంటుంది; చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, చదువు మీద మనసు నిలవకపోవడం రెండు నుంచి నాలుగు వారాలు ఉంటాయి. ఆ రోజుల్లో వాడు ఎదురుమాట్లాడితే అది పొగరు కాదు, నికోటిన్ దిగుతున్న లక్షణం. మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వకండి. బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో తిప్పుతుంది. మిరియం ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, దవడన పెట్టుకుని ఊరుకోవాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. ఆ తల్లి చేసిన మంచిపని ఏమిటంటే, రుమాలు నా బల్ల మీద పెట్టాక కొడుకును ఒక్క మాట కూడా అనలేదు, బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. అతను నాతో నిజం చెప్పింది అందువల్లే. రెండు నెలలు గమ్ నమిలాడు, మధ్యలో ఒకసారి తప్పాడు, మళ్ళీ వచ్చాడు. ఉగాదికి వచ్చినప్పుడు నాడి 78. ఊదే పరీక్ష కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. ఈ ఏడాది మళ్ళీ చేయాలి.

ఎడమవైపు నిలబడిన అబ్బాయి చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచాడు. అడుగు బాబూ.

"నికోటిన్ అసలు లేని ద్రవాలు కూడా ఉన్నాయండి. అవి వాడితే గుండెకు ఏమీ కాదు కదండీ?"

చాలా మంచి ప్రశ్న. 2019లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇదే పరీక్షించారు. ఎప్పుడూ పొగ తాగని, ఆరోగ్యంగా ఉన్న 31 మందిని తీసుకుని, నికోటిన్ లేని ద్రవంతో పదహారు దమ్ములు లాగించారు. అంతకుముందూ తర్వాతా వాళ్ళ తొడ రక్తనాళాన్ని ఎమ్‌ఆర్‌ఐలో చూశారు. ఆ ఒక్కసారికే నాళం వెడల్పయ్యే శక్తి సగటున 34 శాతం తగ్గింది. అది తాత్కాలికమైన తగ్గుదలే, వాళ్ళు దాన్ని అలాగే రాశారు కూడా. కానీ తగ్గించింది నికోటిన్ కాదు, ఎందుకంటే అందులో అది లేదు. లాకును దించింది ఆ తుంపరే. నీ దగ్గర ఆ సీసా ఉంటే, మీ నాన్నగారికి చెప్పను గానీ, ఒకసారి నాకు చూపించు. సభ అయ్యాక ఏడున్నర దాకా ఇక్కడే ఉంటాను.